ఎక్కడికంటే, ఊరికే

మబ్బు పట్టేముందు మా షెడ్డులో నల్లరంగు డ్రమ్ము వాసన మారుతుంది. తుప్పుపట్టిన ఇనుప ముక్కలూ బెల్లమూ నీళ్లలో వేసి రోజుల తరబడి నానబెట్టిన రంగు అది. ఎండ కాస్తున్నంతసేపూ ఆ పులుపు వాసన డ్రమ్ము దగ్గరే ఉంటుంది. గాలిలో చెమ్మ చేరగానే లేచి, అచ్చులు వేసే బల్లల మీదుగా గుమ్మం దాకా వస్తుంది. మొన్న మధ్యాహ్నం రెండూ ఇరవైకి అలాగే వచ్చింది. నేను దుప్పటి అంచు కొలుస్తున్నాను. తల ఎత్తకుండానే "ఇవాళ్టికి ఇంతే" అన్నాను. బల్లల దగ్గరున్న నలుగురు ఆడవాళ్లూ అచ్చులు కడగడానికి లేచారు. చెమ్మ గాలిలో అద్దిన రంగు గీత దాటి పాకుతుంది. అందుకని పెడనలో మా కలంకారీ పనికి మబ్బు వస్తే సెలవు. ఆ సెలవుకు ముందస్తు కబురు ఉండదు, కూలీ ఉండదు. ఆ వాసన తగిలినప్పుడల్లా నాకు నాంచారమ్మగారు గుర్తొస్తారు. ఆవిడ పోయి మూడేళ్లు దాటింది. మీలో ఎవరూ ఆవిడను చూసి ఉండరు. చూసినా కాలవలో గుడ్డలు ఉతికే ఒక పెద్దావిడ అనుకుని వెళ్లిపోయేవారు.

ఆవిడ పని నిజంగా అదే. అచ్చు వేసి ఆరిన గుడ్డను పారే నీటిలో జాడించి, పట్టని రంగును వదిలించాలి. మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి ఆవిడ గుడ్డను విసిరితే అది ఒక్క ముడత లేకుండా నీటి మీద పరుచుకునేది. దివిసీమలో కోడూరు పక్క పల్లెటూరు ఆవిడ పుట్టిల్లు. పెళ్లయి పెడన వచ్చారు. పిల్లలు లేరు, భర్త నేను చూడకముందే పోయారు. మాకు బంధువేమీ కాదు, మా వీధిలో మూడో ఇల్లు. అయినా నేను "పిన్నిగారూ" అనేదాన్ని. గుడివాడ నుంచి కోడలిగా వచ్చిన కొత్తలో నన్ను చెయ్యి పట్టుకుని షెడ్డుకు తీసుకెళ్లింది ఆవిడే. నా చదువు ఏడో తరగతి దగ్గర ఆగింది గాని లెక్కలు ఆగలేదు. భిన్నాలు గుడ్డ మడతల్లో నేర్చుకున్నాను, శాతాలు రంగుల పాళ్లలో. కనబడినదాన్ని లెక్కపెట్టడం, లెక్కపెట్టినదాన్ని దేంతోనో ఒకదాంతో భాగించడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు.

పనిలో చేరిన రెండో వారంలో మొదటి మబ్బు వచ్చింది. అందరూ నవ్వుకుంటూ బయటికి వెళ్లారు. నేను బల్ల పక్కన కూర్చుని, పోయిన మూడున్నర గంటల్లో ఎన్ని అచ్చులు పడేవో, వాటితో ఎన్ని దుప్పట్లు అయ్యేవో పాత కాగితం మీద వేస్తున్నాను. నాంచారమ్మగారు వెనక నుంచి వచ్చి చూశారు.

"ఏం రాస్తన్నావే దుర్గా?"

"పోయిన పనండి పిన్నిగారూ. మూడున్నర గంటలు."

"మబ్బుక్కూడా హాజరేస్తన్నావా? లే, బయటికి రా."

కాలవ వంతెన మీద ఆడవాళ్లంతా వరసగా కూర్చుని ఉన్నారు. నీటిలో గుర్రపుడెక్క గుబుర్లు గుబుర్లుగా కొట్టుకొస్తోంది. ఒక్కొక్కరు ఒక్కో గుబురును తమదని చెప్పుకోవాలి. ఎవరిది ముందు వంతెన కిందకు వస్తే వాళ్లు గెలిచినట్టు. ఆఖరుగా వచ్చినవాళ్లు లేచి మా షెడ్డు యజమాని నడక నడిచి చూపించాలి. ఆయన కడుపును ముందు పంపి, తను తర్వాత వచ్చేవారు. మొదటి రెండుసార్లూ నేనే నడిచాను. ఆ తర్వాత, ఒడ్డు దగ్గర నీటికంటే నడి కాలవ నీరు జోరుగా వెళ్తోందని చూసి మధ్యలో వచ్చే గుబుర్లనే పట్టాను. వరసగా అయిదుసార్లు గెలిచాను. "దీంతో పెట్టుకుంటే మనం జన్మంతా ఆయనలాగే నడవాల్సొస్తది" అన్నారు నాంచారమ్మగారు. ఇంటికి వెళ్లేటప్పుడు నా చేతిలో ఆ కాగితం లేదు. కాలవలో పడిపోయిందో, నేనే వదిలేశానో ఇప్పటికీ తెలియదు.

మా పెళ్లయిన తొమ్మిదో ఏట మా ఆయనకు దెబ్బ తగిలింది. ఆయన పేరు సాంబశివరావు, మా ఇంట్లోనే గుంట మగ్గం మీద నేసేవారు. షావుకారుగారు నూలిస్తే నేసి గుడ్డ ఇచ్చే పని. సైకిలు వెనక నూలు మూట కట్టుకుని వంతెన దిగుతూ పడ్డారు. నడుములో డిస్కు పక్కకు జరిగింది. బందరులో పెద్ద డాక్టరు మా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పారు. తొంభై రోజులు మగ్గం ఎక్కకూడదు, వంగకూడదు, బరువు ఎత్తకూడదు. రోజూ నడవాలి. అలా ఉంటే ఆపరేషను లేకుండానే సర్దుకోవచ్చు. తొందరపడితే ఆపరేషనే, దాని తర్వాత కూడా మగ్గం ఎక్కుతాడని హామీ ఇవ్వలేనన్నారు. మా ఆయన చేతికి వచ్చిన పని అదొక్కటే. గుంటలో కాళ్లు పెట్టకపోతే పండగ రోజున కూడా ఆయనకు తోచేది కాదు.

నేను ఏం చేశానంటే, ఆ సాయంత్రమే పాత క్యాలెండరు కాగితం వెనక గీతలు గీశాను. మెలకువగా ఉండే పద్నాలుగు గంటలు, అంటే ఇరవై ఎనిమిది అరగంటలు. ఒక్కో అరగంటలో ఒక్కో పని రాశాను. నడక, పేపరు, రేడియో, కందిపప్పులో రాళ్లు ఏరడం, పడుకోవడం, మళ్లీ పడుకోవడం. ఒక్క గడి కూడా ఖాళీ లేదు. గోడకు అతికించి, చాలా జాగ్రత్తగా అమర్చానని సంతోషించాను. నాలుగో రోజు మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వస్తుంటే వీధిలోకే మగ్గం చప్పుడు వినబడింది. సగంలో ఆగిన గుడ్డ ఒకటి మగ్గం మీద ఉండిపోయింది. నేను లోపలికి వెళ్లేసరికి చప్పుడు ఆగింది. ఆయన గుంటలోంచి లేవలేకపోతున్నారు. నేనూ, నా కేక విని వచ్చిన నాంచారమ్మగారూ చెరో భుజం పట్టి పైకి తీశాం.

చాప మీద పడుకోబెట్టాక ఆవిడ గోడ మీది కాగితాన్ని కాసేపు చూశారు. "డాక్టరు నడవమన్నాడు కదే, నడిపించావా?" అని అడిగారు.

"పొద్దున ఆరు నుంచి ఏడున్నర దాకా రాశానండి."

"రాశావ్ సరే."

మా ఆయన కళ్లు మూసుకునే మాట్లాడారు. "నేనే వెళ్లట్లేదు పిన్నిగారూ. బజార్లో అడుగు పెడితే చాలు, ఎక్కడికి సాంబయ్యా అంటారు. ఏం చెప్పను?"

"ఊరికే అని చెప్పు."

"మగాణ్ణి, పనిరోజున ఊరికే తిరుగుతున్నానని చెప్పనా? ఉరేసుకోవడం నయం."

"అది మాత్రం డాక్టర్నడిగి చేద్దాం" అన్నారావిడ. నొప్పిలో కూడా మా ఆయన నవ్వారు. నవ్వగానే నడుము కలుక్కుమని తిట్టారు.

మా వైపు ఊళ్లలో ఇద్దరు ఎదురుపడితే ఎక్కడికి అని అడగడం మర్యాద. అడిగినవాడికి జవాబుతో పనుండదు. అయినా చెప్పేవాడికి ఏదో ఒక చోటు, ఏదో ఒక పని ఉండాలి. బ్యాంకుకి, మందుల షాపుకి, వియ్యంకుడి ఇంటికి. ఊరికే అన్న మాటకు మన దగ్గర రెండర్థాలు: డబ్బివ్వకుండా అని ఒకటి, కారణం లేకుండా అని ఒకటి. డబ్బు లేకపోవడం మా ఆయనకు బాగా అలవాటే. కారణం లేకపోవడమే ఆయన మోయలేకపోయారు. ఈ సంగతి నా ఇరవై ఎనిమిది గడుల్లో ఎక్కడా లేదు.

మర్నాటి నుంచి షెడ్డు వదిలాక నాంచారమ్మగారే మా గుమ్మంలోకి వచ్చి నిలబడేవారు. ముగ్గురం బయల్దేరేవాళ్లం. ఆవిడ చేతిలో మజ్జిగ సీసా, అంతే. చిల్లర కూడా పట్టుకునేవారు కాదు. టీ కొట్టు బెంచీ మీద టీ తాగకుండా కూర్చోవడానికి మా ఆయన సిగ్గుపడేవారు గనుక, ఎవరి కొట్టూ కాని చోట్లు ఆవిడ వెతికి పెట్టారు. రైలు గేటు దగ్గర సిమెంటు దిమ్మ. గుడివాడ ప్యాసింజరు వెళ్లేటప్పుడు కిటికీల్లో ఉన్నవాళ్ల మొహాలు చూసి ఎవరు పెళ్లిచూపులకు వెళ్తున్నారో, ఎవరు అప్పగింతలు చేసి వస్తున్నారో ఆవిడ చెప్పేవారు. మేం కాదనేవాళ్లం. రైలు వెళ్లిపోయాక నిజం తేల్చేవాళ్లు ఎవరూ ఉండరు కాబట్టి వాదన ఇంటిదాకా సాగేది. ఇంకో రోజు అచ్చులు చెక్కే ఆయన కిటికీ బయట నిలబడి, ఒక నెమలి కన్నును టేకు చెక్క మీద ఆయన ఎలా తవ్వుతున్నారో చూశాం. నేను అడుగులు లెక్కపెట్టేదాన్ని. మొదటి రోజు ఇంటి నుంచి వంతెన దాకా ఆరువందల నలభై. "లెక్కపెట్టుకో, అది నీ సరదా. నాకు మాత్రం చెప్పకు, కాళ్లు నొప్పెడతాయి" అనేవారావిడ.

మా ఆయన నడిచేవారు గాని చేతిలో ఎప్పుడూ ఒక సంచి ఉండేది. అందులో ఏమీ లేదు. సంచి ఉంటే పని మీద వెళ్తున్నట్టుంటుందని ఆయన లెక్క. ఎవరైనా అడిగితే బ్యాంకుకి అనేవారు, సాయంత్రం అయిదింటికి కూడా. నాంచారమ్మగారు చూసీ చూడనట్టు ఊరుకున్నారు. నలభై తొమ్మిదో రోజున షావుకారుగారు స్కూటరు మీద ఎదురొచ్చారు.

"ఏం సాంబయ్యా, ఎక్కడికి?" అన్నారు.

బ్యాంకుకి అనడానికి వీల్లేదు, ఆరోజు ఆదివారం. మా ఆయన నోట ఏమొచ్చిందంటే, "పనికేనండి."

"మంచిది" అని ఆయన వెళ్లిపోయారు. మర్నాడు పొద్దున్నే ఆయన మనిషి సైకిలు మీద కొత్త పడుగు తెచ్చి మా అరుగు మీద పెట్టాడు. పడుగు అంటే మగ్గానికి ఎక్కించే నిలువు నూలు. నలభై మీటర్ల పడుగు. తీసుకుంటే నెల తిరగకుండా నేసి ఇవ్వాలి. వద్దంటే అది ఇంకో ఇంటికి వెళ్తుంది, తర్వాత వచ్చేవన్నీ కూడా ఆ ఇంటికే వెళ్లొచ్చు.

"ఒక్క పడుగే కదా, మెల్లగా నేస్తాను" అన్నారు మా ఆయన. నేను లెక్క చెప్పాను. అంగుళానికి నలభై పోగులు, మీటరుకు సుమారు పదహారు వందలు, నలభై మీటర్లకు అరవై నాలుగు వేలు. ఒక్కో పోగుకు కాలితో ఒక తొక్కు. అరవై నాలుగు వేల సార్లు ఆ నడుము మీద తొక్కుతారా అని అడిగాను. ఏడుస్తూ అడిగాను. నా జీవితంలో అంత కచ్చితమైన లెక్క మరొకటి చెయ్యలేదు. ఆయన మీద అది ఏ మాత్రం పనిచెయ్యలేదు. పడుగు విప్పడానికి కూర్చున్నారు.

నాంచారమ్మగారు కాలవకు వెళ్తూ అరుగు దగ్గర ఆగారు. విషయం విన్నారు. పడుగు పక్కన కూర్చుని, "నిన్న ఎక్కడికెళ్తన్నావ్ సాంబయ్యా?" అని అడిగారు.

"మీకు తెలుసు కదండి."

"నాకు తెలుసు. షావుకారుకి తెలీదు. ఆయన తప్పేముంది, పనికన్నావు, పని పంపించాడు. ఆ ఒక్క మాటా సరిచేసి రా. తర్వాత నీ ఇష్టం. నేసుకుంటావో, నేలనే పడతావో."

ఆయన చాలాసేపు కదల్లేదు. కాలవలో ఆవిడ కోసం గుడ్డలు ఎదురుచూస్తున్నాయి. ఆవిడా కదల్లేదు. చివరికి ఆయన లేచి చొక్కా వేసుకున్నారు. పడుగును నేనూ ఆవిడా చెరోవైపు పట్టుకున్నాం. ఆయన ఖాళీ చేతులతో ముందు నడిచారు. షావుకారుగారు వాకిట్లో పళ్లు తోముకుంటున్నారు.

"ఇంకా నడుము కుదరలేదండి" అన్నారు మా ఆయన.

"మరి నిన్న పనికన్నావుగా? సంచి కూడా పట్టుకున్నావు."

"ఆ సంచిలో ఏం లేదండి." ఆగారు. "నేను ఊరికే వెళ్తున్నానండి. రోజూ ఊరికే నడుస్తున్నాను. అలా ఇంకా నలభై రోజులు నడవాలి."

షావుకారుగారు ఉమ్మివేసి, నోరు కడుక్కుని, తువాలుతో తుడుచుకున్నారు. ఆ కాసేపటిలో మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "ఊరికే నడవడానికి సంచెందుకయ్యా, బరువు" అన్నారాయన. "ఆ పడుగు లోపల పెట్టండి. ఇంకొకళ్లకిస్తాను. నడుము కుదిరాక కబురు చెయ్యి, పడుగులకేం కొదవ." అంతే. మేం ఆరు వారాలుగా భయపడిన మాట అన్నాక జరిగింది అంతే. తిరిగొస్తుంటే సందు చివర కిళ్లీ కొట్టతను ఎక్కడినుంచి అని అడిగాడు. "ఊరికే" అన్నారు మా ఆయన, అడగని దానికి కూడా కలిపి. ఆ సాయంత్రం ఆయన సంచి తీసుకోలేదు. చేతులు ఏం చేసుకోవాలో తెలియక మొదటి వంద అడుగులూ వెనక కట్టుకుని నడిచారు.

డెబ్బయ్యో రోజు దాటాక ఒకసారి రొయ్యల మేత వేసుకోవడానికి బందరు వచ్చిన నాంచారమ్మగారి తమ్ముడి వ్యానులో కోడూరు వెళ్లాం. మా ఆయనను ముందు సీట్లో, నడుము వెనక దిండు పెట్టి కూర్చోబెట్టాం. ఆవిడ పుట్టిన ఊరి రోడ్డు మీద నడుస్తుంటే ప్రతి గుమ్మంలోంచీ ఎవరో ఒకరు ఎక్కడికని అడిగేవారు. ఆవిడ ప్రతి ఒక్కరి దగ్గరా ఆగి, ఊరికే వచ్చామని చెప్పేవారు. చెరువుల గట్టు మీదకు చేరాక మా ఆయన అన్నారు, "మీకు విసుగు రాదా పిన్నిగారూ, ఇంతమందికి చెప్పడం?"

కొంత దూరం నడిచాక ఆవిడ మొదలుపెట్టారు. "ఉప్పెనొచ్చినప్పుడు నేను పెళ్లి కాని పిల్లని. నీళ్లు తీశాక మూడోనాడు ఈ రోడ్డు మీదే నడిచాను. మామూలుగా అయితే పది అడుగులేస్తే ఇద్దరడుగుతారు, ఎక్కడికే నాంచారూ అని. ఆరోజు ఈ చివర్నించి ఆ చివరికి నడిచాను. అడిగినోళ్లు లేరు. ఎవరన్నా అడిగితే బాగుండును, ఏదో ఒకటి చెబుదును అనుకున్నాను." చీర కొంగుతో ముక్కు తుడుచుకున్నారు. "అప్పట్నుంచి ఎవరడిగినా నాకు ముద్దొస్తాడు. జవాబుదేముంది."

గట్టు కింద ఎవరో వల విసురుతున్నారు. తిరిగి రోడ్డెక్కాక ఒక ముసలాయన ఎక్కడికి బాబూ అని అడిగితే, మా ఆయన ఆగి, పెడన నుంచి వచ్చామని, నడుము సంగతి, డాక్టరు సంగతి, షావుకారు పడుగు సంగతి కూడా చెప్పారు. ఆ ముసలాయనకు చెవుడు. అయినా శ్రద్ధగా విన్నాడు.

తొంభై రెండో రోజున బందరు ఆస్పత్రిలో డాక్టరు వంగమన్నారు, లేవమన్నారు, కాలు ఎత్తమన్నారు. ఫిల్ము వెలుగులో పెట్టి చూశారు. "ఆపరేషను అక్కర్లేదు. ఏం చేశావయ్యా?" అన్నారు. ఊరికే నడిచానండి అన్నారు మా ఆయన. మెల్లగా మొదలుపెట్టుకోమని డాక్టరు చెప్పారు. నేను మెట్లు దిగి వీధిలోకి వచ్చాక, ఆ మెట్లెన్నో లెక్కపెట్టలేదని గుర్తొచ్చింది. ఏ మెట్లనూ అలా వదిలేసినదాన్ని కాదు. మళ్లీ ఎక్కి, దిగాను. పద్నాలుగు. కింద నిలబడి మా ఆయన నవ్వుతున్నారు, ఈసారి నడుము పట్టుకోకుండా. తర్వాతి నెలలో రోజుకు గంట చొప్పున గుంటలో కూర్చున్నారు. పదేళ్లు పైన అయింది. ఇప్పటికీ నేస్తున్నారు.

నాంచారమ్మగారు పోయేముందు మంచం మీద ఉన్నది పదకొండు రోజులే. నేను ఎనిమిదో రోజున, పని ఉన్న పూట, ఎండ బాగా కాస్తుండగా వెళ్లాను. ఆవిడ కళ్లు తెరిచి, "ఎక్కడికే ఇటొచ్చావ్?" అన్నారు. ఊరికే అన్నాను. మంచం మీద కొద్దిగా జరిగి చోటిచ్చారు.

మొన్న మబ్బు పట్టిన రోజున షెడ్డు మూసి ఇంటికి వెళ్తే మా ఆయన మగ్గం దిగి మొహం కడుక్కుంటున్నారు. బస్టాండు దాకా నడిచి, కనబడిన బస్సులు రెండు మారి, చివరికి కోడూరు వెళ్లేది ఎక్కాం. ఆడవాళ్లకు ఇప్పుడు బస్సులో డబ్బులక్కర్లేదు. కండక్టరు వచ్చి ఎక్కడికని అడిగితే, అతనికి మాత్రం ఊరికే అని చెప్పడానికి వీల్లేదు, ఊరి పేరే చెప్పాలి. నాకు సున్నా టిక్కెట్టు, మా ఆయనకు డబ్బుల టిక్కెట్టు కొట్టాడు. "నన్ను చూస్తే ఖర్చు మనిషిలా ఉన్నానేమో" అని మా ఆయన దారంతా గొణిగారు. దిగాక ఒక ఇంటి అరుగు మీద చింతపండు పిక్కలు తీస్తున్న మామ్మ కళ్లు చిట్లించి మమ్మల్ని చూసింది.

"ఎక్కడికమ్మా మీరు?"

నాకంటే ముందు ఆయనే చెప్పారు. "ఊరికే వచ్చాం మామ్మా."

"అయితే కూర్చోండి" అని చాట పక్కకు జరిపింది.

కూర్చున్నాం. పిక్కలు మేమూ తీశాం. నలభై నిమిషాలు ఉన్నాం. ఆ నలభై నిమిషాలను నేను దేంతోనూ భాగించలేదు.